అలవాటు ప్రార్థన చచ్చిన ప్రార్థన కాదు

"అలవాటుగా చేసేది ప్రార్థన కాదు, ఆచారం. హృదయం కదిలినప్పుడు ఒక్క మాట అన్నా చాలు, దేవుడు వింటాడు." కోస్తా జిల్లాల ఉజ్జీవ సభల్లో, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో జరిగే గృహకూటాల్లో, అమెరికాలోని తెలుగు విశ్వాసులు జూమ్‌లో పెట్టుకునే వారాంతపు ప్రార్థనల్లో ఈ మాట ఇప్పుడు ఎదురులేకుండా చెల్లుతోంది. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. పెదవులతో ఘనపరుస్తూ మనసును దూరంగా ఉంచుకున్న ప్రజలను యెషయా గద్దించిన సంగతి వాళ్లకు గుర్తుంది. ఆదివారం ఆరాధన క్రమాన్ని గడగడా అప్పజెప్పి, సోమవారం వడ్డీ లెక్కల దగ్గర పొరుగువాడి గొంతు పట్టుకున్న పెద్దలను వాళ్లు కళ్లారా చూశారు. ఆ కోపం న్యాయమైనదే. ఆ కోపంలో ఇచ్చిన తీర్పు మాత్రం తప్పు. తప్పు అని ఊరుకుంటే చాలదు, అది మన ఇళ్లలో మనుషుల్ని లోలోపల గుల్ల చేస్తోంది.

నా వాదన ఇది: మనిషి అంతరంగాన్ని కాపాడేవి అప్పుడప్పుడూ ఎగిసిపడే ఉద్వేగాలు కావు. మనసు ఉన్నా లేకున్నా, రోజూ అదే వేళకు, అదే చోట, విశ్వాసంతో చేసే చిన్న చిన్న పనులు. సామెతల గ్రంథం 4వ అధ్యాయం అన్నిటికంటే ముఖ్యంగా హృదయాన్ని కాచుకోమంటుంది. కాపలా అనేది బుద్ధి పుట్టినప్పుడు చేసే పని కాదు. బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే కాపలా కాసేవాణ్ణి ఎవరూ కాపలాదారు అనరు.

ముందు లేఖనం సంగతే చూద్దాం, ఎందుకంటే అలవాటు ప్రార్థన వద్దనేవాళ్ల వాదన లేఖనం పేరుతోనే నడుస్తోంది. మత్తయి 6వ అధ్యాయంలో యేసు, మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనుకునేవాళ్ల ప్రార్థనను తప్పుబట్టారు. నిజం. మరి ఆ వెంటనే ఏం చేశారు? ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడుకోండని వదిలేశారా? పదాలు కూర్చిన ఒక ప్రార్థనను శిష్యుల నోట పెట్టారు. అదే మన పరలోక ప్రార్థన. అపొస్తలుల కాలానికి బాగా దగ్గరి తరాల్లో రాసిన 'డిడాకే' అనే చిన్న బోధనా గ్రంథం, దాన్ని రోజుకు మూడుసార్లు చెప్పుకోమని విశ్వాసులకు నేర్పింది. ప్రాణాలకు తెగించి విశ్వాసాన్ని నిలబెట్టుకున్న సంఘం అది. రోజుకు మూడుసార్లు ఒకే ప్రార్థన చెప్పినందుకు వాళ్ల భక్తి చచ్చిపోలేదు.

యేసు జీవితమే చూడండి. విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లడం ఆయనకు వాడుక అని లూకా 4వ అధ్యాయంలో రాశాడు. చివరి రాత్రి ఒలీవల కొండకు వెళ్లడం కూడా ఆయన వాడుకేనని అదే లూకా 22వ అధ్యాయంలో రాశాడు. ఆ చోటు యూదాకు తెలుసు, ఎందుకంటే యేసు తరచుగా అక్కడికి వెళ్లేవారు. అంటే శత్రువుకు పట్టించగలిగినంత క్రమంగా ఆయన ప్రార్థించారు. గెత్సేమనేలో మూడోసారి కూడా అవే మాటలు చెప్పి ప్రార్థించారని మత్తయి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని రాశాడు. మానవ చరిత్రలో అంతకంటే హృదయం కదిలిన ప్రార్థన ఏముంది? అందులోనూ మాటలు మారలేదు. సిలువ మీద, ఊపిరి అందని వేళ ఆయన నోట వచ్చినవి 22వ కీర్తన మాటలు, 31వ కీర్తన మాటలు. తన జాతి తరతరాలుగా ప్రార్థించుకున్న మాటలే అప్పుడు ఆయనకు ఆసరా అయ్యాయి.

దానియేలు కథను మన సండే స్కూళ్లలో సింహాల గుహ దగ్గర మొదలుపెడతారు. అసలు కథ దానికి ముందుంది. రాజాజ్ఞ మీద సంతకం పడిందని తెలిసిన రోజున దానియేలు కొత్తగా చేసినదేమీ లేదు. ఎప్పటిలాగే ఇంటికి వెళ్లాడు, యెరూషలేము వైపు తెరిచి ఉన్న కిటికీల దగ్గర రోజుకు మూడుసార్లు మోకరించాడు. అంతకుముందు చేస్తూ వచ్చినట్టే చేశాడని గ్రంథం స్పష్టంగా చెబుతుంది. ఆ పూట ఆయన మనసు ఎంత కదిలిందో గ్రంథం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఇక అనుభూతి కోసం ఎదురుచూసే భక్తి ఎక్కడికి చేరుతుందో ఆలోచించండి. హృదయం కదిలితేనే ప్రార్థన అని నమ్మినవాడు, కదలని రోజున ఏం చేస్తాడు? కదిలించేవాళ్లను వెతుక్కుంటాడు. ఒక సభ చాలకపోతే ఇంకో సభ, ఒక ప్రసంగీకుడు చప్పబడితే ఇంకో ప్రసంగీకుడు. ఇప్పుడు అంత దూరం వెళ్లే పని కూడా లేదు, అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. ఒక వీడియో అయ్యీ కాగానే ఇంకొకటి దానంతట అదే మొదలయ్యేలా యూట్యూబ్‌ను అమర్చారు. అభిషేక ప్రసంగం తర్వాత ఏడిపించే సాక్ష్యం, దాని తర్వాత ఇంకో బోధకుణ్ణి తిట్టే బోధకుడు, ఆ తర్వాత సినిమా గొడవ. చెవుల్లో వాక్యం మోగుతూనే ఉంటుంది, మనిషి దేవునితో ఒక్క మాటా మాట్లాడడు. పొద్దున్నే వాట్సాప్‌లో పది వాగ్దాన వచనాలు పూలబొమ్మలతో వస్తాయి. పదీ ఇంకో పదిమందికి పంపిస్తాం. వాటిలో ఒక్కటి కూడా మధ్యాహ్నానికి గుర్తుండదు.

అలవాట్లు వద్దన్నవాడికి అలవాట్లు లేకుండా పోవు. కళ్లు తెరవగానే చెయ్యి ఫోన్ మీదకు వెళ్లడం ఒక అలవాటు. పడుకునే ముందు బంధువుల గృహప్రవేశం ఫొటోలు చూసి లోపల చిన్నగా మండటం ఒక అలవాటు. టీవీ చర్చల్లో ఎవరో ఎవరినో దులిపేస్తుంటే తృప్తిపడటం ఒక అలవాటు. రోజుకు అన్నిసార్లు, అంత నిష్ఠగా మనం ఇంకే పనీ చేయడం లేదు. ప్రార్థనకు వేళ పెట్టుకోవడం ధర్మశాస్త్రానికి బానిసత్వం అనే విశ్వాసి, ఈ వేళల్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నాడు. కాపలా లేని హృదయం స్వేచ్ఛగా ఉండదు. ఎవరు ముందొస్తే వాళ్లది అవుతుంది.

ఇది ఫోన్‌తో పుట్టిన జబ్బని అనుకోకండి. 4వ శతాబ్దం చివర ఈజిప్టు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో పేరున్న పండితుడు, అన్నీ వదిలి ఎడారికి వచ్చి 399లో అక్కడే కన్నుమూశాడు. మనిషి మనసును పట్టే చెడు తలంపులను ఆయన ఎనిమిదిగా వర్గీకరించాడు. వాటిలో ఒకటి మిట్టమధ్యాహ్నపు నిర్వేదం. పొద్దు కదలదు. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళ ఇంకెంత దూరమో అని సూర్యుణ్ణి కొలుచుకుంటాడు, ఎవరైనా వస్తారేమోనని తొంగి చూస్తాడు. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద విరక్తి పుడుతుంది. ఇంకో చోట అయితే దేవుణ్ణి ఇంకా బాగా సేవించవచ్చు కదా అనిపిస్తుంది. పదహారు వందల ఏళ్ల కింద రాసిన ఈ వర్ణన చదివితే, ఆఫీసు కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలకోసారి ఫోన్ తెరిచి చూసుకునే మనిషి తనను తాను గుర్తుపడతాడు. దానికి ఎవాగ్రియస్ చెప్పిన మందులో కొత్త అనుభవం అనే మాటే లేదు. గదిలోంచి కదలకు, నీ ప్రార్థన నువ్వు చెయ్యి, నీ పని నువ్వు చెయ్యి అన్నాడు. ఏ తలంపు దాడి చేస్తే దానికి ఎదురుగా ఏ వాక్యం పలకాలో వందలకొద్దీ వాక్యాలు ఏరి ఒక పుస్తకంగా కూర్చాడు. అరణ్యంలో శోధకుడు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చిన యేసు దగ్గర ఆయన ఈ పద్ధతి నేర్చుకున్నాడు. శోధన వచ్చిన క్షణంలో బైబిలు తెరిచి వెతికే తీరిక ఎవరికీ ఉండదు. ముందే నోటికి వచ్చి ఉండాలి. సండే స్కూల్లో మనకు నేర్పిన కంఠత వాక్యాలను పిల్లల వేడుకగా చూసి వదిలేయడం మన తరం చేసిన పెద్ద నష్టాల్లో ఒకటని నేను నమ్ముతాను.

"ఇదంతా క్రియల మీద ఆధారపడటం. మనం కృపచేత రక్షింపబడ్డవాళ్లం" అనేది అలవాటు ప్రార్థనను తప్పుబట్టేవాళ్ల దగ్గరున్న బలమైన వాదం. అయితే కృపచేత మాత్రమే అని ఐరోపానంతా కుదిపేసిన మనిషినే అడుగుదాం. మార్టిన్ లూథర్ 1529లో వెలువరించిన చిన్న ప్రశ్నోత్తరిలో, ఇంటి యజమాని కుటుంబానికి నేర్పవలసిన ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన, భోజన ప్రార్థన ఉన్నాయి. లేవగానే సిలువ గుర్తు వేసుకో, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన చెప్పు, ఒక పాట పాడుకుంటూ సంతోషంగా పనికి వెళ్లు అన్నాడు. రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే హాయిగా నిద్రపో అన్నాడు. 1842లో హెయర్ అనే మిషనరీ గుంటూరు చేరిన తర్వాత మన లూథరన్ ఇళ్లలోకి వచ్చినది ఈ సంప్రదాయమే.

1535లో తన మంగలి పీటర్, ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని అడిగితే లూథర్ ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. అందులో మొట్టమొదట ఒప్పుకున్నది, తనకూ ప్రార్థన మీద మనసు చల్లబడే రోజులుంటాయని. అలాంటప్పుడు కీర్తనల గ్రంథం పట్టుకుని గదిలోకో గుడికో వెళ్లి, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, చిన్నపిల్లలు అప్పజెప్పినట్టు పైకి చెప్పుకుంటానన్నాడు. తర్వాత చేద్దాంలే, ముందు ఈ పని ముగిద్దాం అనే ఆలోచనను నమ్మవద్దని హెచ్చరించాడు. మనసు కదిలితే ప్రార్థించడం కాదు ఆయన పద్ధతి. ప్రార్థన మొదలుపెడితే మనసు వెనకాల వస్తుంది.

నాకు ఎదురు చెప్పదలచినవాళ్లకు ఆ పీటర్ కథలోనే ఒక ఆయుధం ఉంది, దాన్ని దాచను. అదే సంవత్సరం ఒక భోజనాల వేళ పీటర్ తన అల్లుణ్ణి పొడిచి చంపాడు, ఊరి నుంచి వెలివేయబడ్డాడు. ప్రార్థనా క్రమం మంత్రం కాదు. దానికి మనిషిని యాంత్రికంగా మార్చే శక్తి లేదు, ఉందని చెబితే అదీ అబద్ధమే. కానీ ఈ ఘటన ఉద్వేగ భక్తికి సాక్ష్యం చెప్పదు. ఒక్క క్షణపు ఆవేశం ఎంత పని చేస్తుందో చెబుతుంది. సభలో కన్నీళ్లు పెట్టించేదీ, భోజనాల దగ్గర కత్తి తీయించేదీ కాపలా లేని ఆవేశమే. అందుకే కాపలా ఇంకా ఎక్కువ కావాలంటాను, తక్కువ కాదు.

లూథర్ సంప్రదాయంలోనే నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇదే తగువు మళ్లీ లేచింది. హిట్లర్ పాలనలో, 1935 నుంచి 1937 వరకు, ఫింకెన్‌వాల్డె అనే చోట డీట్రిష్ బోన్‌హోఫర్ యువ పాస్టర్లకు శిక్షణ ఇచ్చాడు. రోజూ ఉదయం అరగంట, ఒకే వాక్యభాగం మీద, వారం పొడవునా, మౌనంగా ధ్యానం చేయాలన్నాడు. ప్రసంగం తయారీకి కాదు, ఏ ఉపయోగం కోసమూ కాదు. విద్యార్థులు గొణిగారు. వేదాంతి కార్ల్ బార్త్ అంతటివాడు, ఇందులో మఠాల వాసన వస్తోందని అనుమానపడ్డాడు. 1937లో హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టపో ఆ పాఠశాలను మూసేసింది. 1943లో బోన్‌హోఫర్‌ను టేగెల్ జైల్లో పెట్టారు. అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాల్లో ఆయన, రోజూ చదివే కీర్తనల గురించి రాశాడు. ఉదయం, రాత్రి సిలువ గుర్తు వేసుకోమన్న లూథర్ మాట ఆ గదిలో తనకు ఆసరా అయిందని రాశాడు. అక్కడ సంగీత బృందం లేదు, కదిలించే ప్రసంగీకుడు లేడు. బాంబుల మోతల మధ్య ఆయన అంతరంగం చెదరకుండా నిలిచిందంటే, పాత రోజుల్లో నిస్సారంగా అనిపించిన ఆ అరగంటలకు అందులో భాగముంది. 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరి తీశారు.

"ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ల సంగతులు. పొద్దున్నే కూలికి వెళ్లేవాడికి, రాత్రి షిఫ్టు చేసే అమ్మాయికి క్రమాలేమిటి?" అనే మాట కూడా వింటాం. ఈ మాటే నన్ను అన్నిటికంటే నొప్పిస్తుంది, ఎందుకంటే ఇది మన పూర్వీకుల్ని మరిచిపోయి అనే మాట. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్య గారి సంఘాల్లో ఎవరున్నారు? ఎక్కువమంది మాల, మాదిగ వాడల రైతుకూలీలు. అక్షరం రానివాళ్లు. పగలంతా దొరల పొలాల్లో నడుం వంచి పనిచేసి పొద్దుగూకాక ఇల్లు చేరేవాళ్లు. వాళ్లకు అజరయ్య గారి సంఘం నేర్పినది ప్రతి సాయంత్రం ప్రార్థన. పల్లె ఉపదేశి, చాలాచోట్ల ఆయన భార్య కూడా, దీపం పెట్టి జనాన్ని కూర్చోబెట్టి కీర్తన పాడించేవారు, బైబిలు కథ చెప్పేవారు, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి వచ్చేదాకా చెప్పించేవారు. నువ్వు అంటరానివాడివని పగలంతా చెప్పే లోకం నుంచి వచ్చిన మనిషి, ప్రతి రాత్రీ, దేవుణ్ణి తండ్రీ అని పిలిచి పడుకున్నాడు. పగటి మాట అతని లోపలికి చొరబడి అక్కడే స్థిరపడకుండా ఆపినది ఆ రాత్రి మాట. ఏడాదికొకసారి వచ్చే మహాసభ ఆ పని చేయగలిగేది కాదు. అవమానం రోజూ జరిగినప్పుడు దానికి జవాబు కూడా రోజూ ఉండాలి.

క్రమం అంటే తెల్లవాళ్లు తెచ్చిన ఆచారమనేవాళ్లకు, బైబిల్ మిషన్‌ను 1938లో ప్రారంభించిన దేవదాసు అయ్యగారిని గుర్తుచేస్తాను. ఆయన నేర్పిన సన్నిధి ఎవరి అనుకరణ? కూర్చుని, మౌనంగా, దేవుని సముఖంలో కనిపెట్టడం మన నేల మీద మన మనిషి నేర్పిన సాధన. ఇవాళ మైకు ఆగితే ఆరాధన ఆగిపోయినట్టు కంగారుపడే సంఘాలు ఆయన్ను ఒకసారి తలచుకోవాలి.

తెల్లవారుజామునే లేచి పిల్లలకు అన్నం వండే తల్లిని, ఈ రోజు నీ హృదయం కదిలిందా అని ఎవరూ అడగరు. కదలకపోయినా వండుతుంది. ఆ అన్నంలో ప్రేమ లేదని అనగలిగినవాడు ఎవడైనా ఉంటే, అలవాటు ప్రార్థనలో ప్రేమ లేదని అతనొక్కడే అనవచ్చు.

ఏం చేయాలో కూడా చెప్పకుండా ఊరుకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. పెద్ద పెద్ద తీర్మానాలు వద్దు. రాత్రి ఫోన్‌ను పడకగది బయట పెట్టండి. నిద్ర లేపడానికి అలారం గడియారం చాలు. కళ్లు తెరిచాక ఎవరి మాటా చెవిన పడకముందు ఒక కీర్తన, వరుసలో ఏది వస్తే అది, పైకి చదవండి. నచ్చినవే ఏరుకుంటే మన మనోభావాలకు కీర్తనలు దొరుకుతాయి, వరుసగా చదివితే కీర్తనలు మన మనోభావాల్ని దిద్దుతాయి. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లకు ఉదయం అంటే సాయంత్రం ఐదు గంటలైనా సరే, దేవునికి అభ్యంతరం లేదు. వంటింట్లో ఉన్నవాళ్లు 17వ శతాబ్దంలో పారిస్ మఠంలో వంటవాడుగా ఉండి, గిన్నెల చప్పుడులోనే దేవునితో ఉండటం నేర్చుకున్న బ్రదర్ లారెన్స్‌ను తోడు తెచ్చుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఈ రోజు ఎవరి మీద అసూయపడ్డాను, ఎవర్ని మాటతో కొట్టాను అని పేర్లతో సహా దేవునికి చెప్పండి. ఇంటిల్లిపాదీ కలిసి పరలోక ప్రార్థన ఒక్కటైనా చెప్పండి. పిల్లవాడు నిద్రమత్తులో గొణిగినా ఫరవాలేదు, గొణగనివ్వండి. ఇరవై ఏళ్ల తర్వాత ఏ ఆసుపత్రి వరండాలోనో ఆ మాటలు వాడికి అవసరమవుతాయి.

చివరిగా, హృదయం కదిలితేనే ప్రార్థన అనే వాదన మోపే భారాన్ని అందరికంటే ఎక్కువగా మోసేవాళ్ల గురించి చెప్పాలి. మన సంఘాల్లో డిప్రెషన్‌తో బాధపడేవాళ్లున్నారు. బిడ్డను పోగొట్టుకుని రాయిలా అయిపోయిన తల్లులున్నారు. వాళ్లకు ఏమీ అనిపించదు. అనిపించకపోవడమే వాళ్ల జబ్బు, వాళ్ల దుఃఖం. హృదయం కదలని ప్రార్థన ప్రార్థనే కాదని వేదిక మీద నుంచి ఒక మనిషి గట్టిగా అరిచినప్పుడు, వెనక బెంచీలో కూర్చున్న ఆమె తనకు విశ్వాసం కూడా పోయిందని ఇంటికి వెళ్తుంది. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అవసరమైతే మందులు వాడాలి, అందులో అవిశ్వాసం ఏమీ లేదు. దానితో పాటు, తన సొంత మాటలు దొరకని ఆమెకు ఇతరులు కూర్చి పెట్టిన మాటలు కావాలి. బైబిలు ఆ మాటలు ఇస్తుంది. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో స్తుతి లేదు, విడుదల లేదు, సాక్ష్యం లేదు. అయినా దేవుని ప్రజలు దాన్ని ప్రార్థన పుస్తకంలోంచి తీసేయలేదు.

ప్రసంగీకులకు నా విన్నపం ఒక్కటే. ఒక ఆదివారం సంఘం ముందు ఆ కీర్తనను చివరి వచనం దాకా చదవండి, దానికి సంతోషకరమైన ముగింపు ఏదీ కలపకండి. తర్వాత అందరితో కలిసి నెమ్మదిగా పరలోక ప్రార్థన చెప్పించండి. వెనక బెంచీలో ఉన్న ఆమె కూడా ఆ ప్రార్థన చెప్పగలదు, ఎందుకంటే చిన్నప్పుడు ఎవరో దాన్ని ఆమెకు అలవాటు చేశారు.